పోయిన కారు రాయగడలో తేలింది, కొన్నాయన ఇవ్వనంటున్నాడు

మీరు రాసింది ఇదీ: విశాఖపట్నం మర్రిపాలెంలో ఇంటి ముందు పెట్టిన కారు నిరుడు ఓ రాత్రి పోయింది. తెల్లారగానే స్టేషన్‌కి వెళ్లి కేసు కట్టించారు. ఏడు నెలల తరువాత "మీ వాహనం సర్వీసుకు వచ్చింది" అని సర్వీస్ సెంటర్ నుంచి మీ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఆరా తీస్తే కారు ఒడిశాలో, రాయగడలో ఒకాయన దగ్గర ఉంది. నాలుగు లక్షల చిల్లర పోసి కొన్నాను, నా డబ్బు నాకిచ్చి బండి పట్టుకెళ్లండి అంటున్నాడు. ఇన్సూరెన్స్ క్లెయిం ఇంకా తేలలేదు, బ్యాంకు లోను నడుస్తోంది. కారు వస్తుందా, ఆయనకు డబ్బు కట్టాలా అని మీ ప్రశ్న.

కట్టనక్కర్లేదు. కారు మీదే. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు. మధ్యలో ముగ్గురి చేతులు మారినా, ఆఖరున కొన్నాయన ఎంత మంచివాడైనా, సున్నాను ఎన్నిసార్లు అమ్మినా సున్నానే. ఆర్సీ ఆయన పేరుకు మారిపోయినా అంతే. ఆర్సీ రిజిస్ట్రేషన్‌కు సాక్ష్యమే తప్ప, దొంగసొత్తును సొంతసొత్తుగా మార్చే కాగితం కాదు.

అయితే ఈ ధీమా అంతా ఒక్క విషయం మీద నిలబడింది: కారు మీ చేతిలోంచి ఎలా పోయింది అన్నది. మీది ఇంటి ముందు నుంచి పోయిన కారు కాబట్టి ఇబ్బంది లేదు. కానీ ఇదే చిక్కులో ఉన్న చాలామందిది అచ్చమైన దొంగతనం కాదు, అక్కడే దారి చీలుతుంది. సెల్ఫ్ డ్రైవ్‌కి అద్దెకిచ్చిన కారును తీసుకున్నవాడు అమ్మేశాడో, తాకట్టు పెట్టాడో అనుకోండి, అది నమ్మకద్రోహం, భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) 316. అమ్మే హక్కు వాడికి లేదు కాబట్టి కొన్నవాడికీ హక్కు రాదు. అమ్మిపెట్టమని బ్రోకర్ చేతికి కారు, ఆర్సీ, సంతకాలు చేసిన ఖాళీ 29, 30 ఫారాలు (బండిని ఇంకొకరి పేరుకు మార్చేవి) ఇచ్చి, వాడు అమ్మి డబ్బు ఎగ్గొట్టాడనుకోండి, అక్కడ మీ పని కష్టం. అమ్మకాల వ్యాపారం చేసే ఏజెంటు, యజమాని ఇష్టంతోనే సరుకు తన దగ్గర ఉంచుకుని, మామూలు వ్యాపారంలో భాగంగా అమ్మితే, సంగతి తెలియక కొన్నవాడికి పూర్తి హక్కు వస్తుందని 27వ సెక్షన్ మినహాయింపే చెబుతోంది. ఇక చెల్లని చెక్కు ఇచ్చి కారు కొనుక్కుపోయినవాడి సంగతికి అదే విక్రయ చట్టంలో 29వ సెక్షన్ ఉంది. మోసపోయిన మీరు ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకోకముందే వాడు తెలియని మూడో మనిషికి అమ్మేస్తే, ఆ మూడో మనిషిదే కారు, మీకు మిగిలేది డబ్బు కోసం దావా. అందుకే చెక్కు తిరిగొచ్చిన రోజే "ఈ అమ్మకాన్ని రద్దు చేసుకుంటున్నాను" అని స్పీడ్ పోస్టులో రాసి పంపాలి, ఫిర్యాదూ ఇవ్వాలి. వారం ఆలస్యం చేస్తే కారు పోతుంది.

ఇక్కడే కొందరు తెలివి చూపించబోతారు. నమ్మి ఇచ్చిన కారును "దొంగిలించారు" అని రాయించేస్తారు, క్లెయిం తేలిగ్గా వస్తుందని. ఇన్సూరెన్స్ సర్వేయరు మొదట అడిగేదే రెండు తాళాలు. రెండో తాళం ఎక్కడుందో చెప్పలేకపోతే అబద్ధం అక్కడే బయటపడుతుంది, క్లెయింతోపాటు కేసూ పోతుంది.

ఇప్పుడు మీ సంగతి. మీ దగ్గరున్న తాళం పట్టుకుని, ఇద్దరు కుర్రాళ్లను వెంటేసుకుని పార్వతీపురం మీదుగా రాయగడ వెళ్లి కారు తెచ్చేసుకుందామన్న ఆలోచన వస్తే ఆపేయండి. మీ కారే కదా అనిపిస్తుంది. కానీ అది ఆయన ఇంటి ముందు నుంచి లేచిపోతే అక్కడి స్టేషన్‌లో మీ మీద ఫిర్యాదు పడుతుంది, అదీ వేరే రాష్ట్రంలో. అంతకన్నా పెద్ద నష్టం సాక్ష్యానిది. కారును పోలీసులు ఆయన దగ్గర స్వాధీనం చేసుకున్నట్టు పంచనామా ఉంటేనే, ఆయన ఎవరి దగ్గర కొన్నాడు, వాడికి ఎవరిచ్చారు అనే గొలుసు దొంగ దాకా వెళ్తుంది. మీరే తెచ్చుకుంటే ఆ గొలుసు తెగిపోతుంది, ఇన్సూరెన్స్ వాళ్లకూ అనుమానం వస్తుంది.

"ఇరవై వేలిస్తే మేం మాట్లాడి తెప్పిస్తాం" అనే మధ్యవర్తులకూ ఇవ్వకండి. దొంగను పట్టించకుండా, దొంగసొత్తు ఇప్పిస్తానని డబ్బు పుచ్చుకోవడమే ఒక నేరం, న్యాయ సంహిత 252. కొన్నాయనతో ఫోన్‌లో బేరాలు కూడా వద్దు. మీరు "లక్ష ఇస్తాను" అన్న ఒక్క మాట రికార్డైతే, రేపు కోర్టులో అది మీ మెడకే చుట్టుకుంటుంది. ఇంకోటి, ఆయన భయపడితే కారు నాలుగో చేతికి వెళ్లిపోతుంది, లేదా విడిభాగాలుగా విడిపోతుంది. ఆయనకు తెలియకముందే పోలీసులు అక్కడ ఉండాలి. మీరిప్పటికే ఒకసారి మాట్లాడారు కాబట్టి రేపే స్టేషన్‌కి వెళ్లండి.

వెళ్లేముందు ఆధారాలు పోగేయండి. సర్వీస్ సెంటర్ మెసేజ్ చాలా విలువైనది. నంబర్ ప్లేటు మార్చినా సర్వీస్ వాళ్లు బండిని గుర్తుపట్టేది ఛాసిస్ నంబరుతో, దానికి అతుక్కున్న ఫోన్ నంబరు మీది. అందుకే మెసేజ్ మీకు వచ్చింది. అక్కడ తెరిచిన జాబ్ కార్డులో తెచ్చినవాడి పేరు, ఫోన్, ఆ రోజు ఓడోమీటర్ రీడింగు ఉంటాయి. మీరడిగితే వాళ్లు ఇవ్వకపోవచ్చు, దర్యాప్తు అధికారి బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత) 94 కింద నోటీసిస్తే ఇవ్వాలి. ఫాస్టాగ్ ఖాతా స్టేట్‌మెంట్ తీయండి. దొంగలు స్టిక్కరు పీకేస్తారు గానీ, ఆ రాత్రి నాథవలస టోల్ దాటేదాకా పీకకపోయి ఉంటే టైముతో సహా దొరుకుతుంది. కొత్త ట్యాగ్ అదే నంబరు మీద తీసుకుని ఉంటే పాతది మూతపడిన కబురు మీ బ్యాంకు నుంచి వచ్చి ఉంటుంది, పాత మెసేజ్‌లు వెతకండి. ఈ-చలాన్లు చూడండి, ఫొటో ఉంటుంది. పరివాహన్ సైటులో మీ నంబరు కొట్టి ఇన్సూరెన్స్ కంపెనీ, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు మారాయేమో చూడండి. మీరు తీసుకోని పొల్యూషన్ సర్టిఫికెట్ కనిపించిందంటే, ఆ తేదీన కారు ఏదో పొల్యూషన్ సెంటర్‌కు వెళ్లిందన్నమాటే. అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి ప్రింటు వేయండి, ఫోన్‌లో మెసేజ్ మాత్రం తుడిచేయకండి.

దర్యాప్తు అధికారికి నోటితో చెప్పి ఊరుకోవద్దు. అర్జీ పొట్టిగా ఉండాలి:

"ఫలానా క్రైం నంబరు కేసులో పోయిన నా కారు, ఛాసిస్ నంబరు ఫలానా, ఫలానా తేదీన రాయగడలోని సర్వీస్ సెంటర్‌కు వచ్చినట్టు నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ప్రతి జతచేశాను. జాబ్ కార్డు వివరాలు తెప్పించి, వాహనాన్ని స్వాధీనం చేసుకుని, ఛాసిస్, ఇంజిన్ నంబర్లు తనిఖీ చేయించవలసిందిగా కోరుతున్నాను."

రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర లేని అర్జీ ఇవ్వని అర్జీతో సమానం.

ఒక గుంట మీ దారిలో ఉండే అవకాశం ఎక్కువ. ఇన్సూరెన్స్ వాళ్లు కారు దొరకలేదన్న సర్టిఫికెట్ అడుగుతారు, దానికోసం స్టేషన్‌లో కేసును "అన్‌డిటెక్టెడ్" అని మూసి కోర్టుకు తుది నివేదిక పంపేస్తారు. మీ కేసూ అలా మూసి ఉంటే, "కేసు క్లోజయిపోయింది, ఇప్పుడేం చేయలేం" అనే మాట వినిపిస్తుంది. అది సరికాదు. కొత్త ఆధారం దొరికితే తుది నివేదిక పంపాక కూడా తదుపరి దర్యాప్తు చేయవచ్చని బీఎన్‌ఎస్‌ఎస్ 193(9) చెబుతోంది. అర్జీలో ఆ సెక్షన్ రాయండి. స్టేషన్ కదలకపోతే సూర్యాబాగ్‌లోని పోలీస్ కమిషనర్ ఆఫీసుకు అదే అర్జీ స్పీడ్ పోస్టులో పంపండి, ఆ తరువాత మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్. దొంగతనం 2024 జులై 1కి ముందు జరిగిన వాళ్ల కాగితాల్లో పాత ఐపీసీ 379, 411 ఉంటాయి. మీ కేసులోనైతే దొంగ మీద న్యాయ సంహిత 303(2), కొన్నాయన తెలిసే కొన్నాడని తేలితే ఆయన మీద 317(2).

తెలిసి కొన్నాడా లేదా అన్నది పోలీసులు చూసుకుంటారు. మార్కెట్లో ఆరు లక్షలు పలికే బండి నాలుగుకు రావడం, ఆర్సీ జిరాక్స్ తప్ప లేకపోవడం, ఒకే తాళం, మొత్తం నగదు చెల్లింపు, ఒడిశాకు తెచ్చిన ఆంధ్ర బండికి ఫారం 28 ఎన్‌ఓసీ (రాష్ట్రం మారడానికి రవాణా కార్యాలయం ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం) లేకపోవడం, ఇవన్నీ ఆయనకు ఎదురు తిరుగుతాయి. ఆయన నిజంగా అమాయకుడే అయితే సాక్షిగా మిగులుతాడు. రెండింటిలో ఏదైనా కారు మాత్రం ఆయన దగ్గర నిలవదు.

ఇప్పుడు అసలు పితలాటకం: అది మీ కారే అని రుజువు చేయడం. సర్వీస్ సెంటర్ గుర్తుపట్టిందంటే ఛాసిస్ నంబరు చెరపలేదనే అనుకోవచ్చు, అది మీ అదృష్టం. అయినా చూడాల్సినవి చెబుతాను. ఛాసిస్ నంబరు 17 అక్షరాలు, అంకెలు. అందులో ఇంగ్లిషు ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు ఉండవు, ఒకటితో, సున్నాతో పొరబడతారని. కారులో ఇది ఒక్కచోటే ఉండదు. బాడీ మీద గుద్ది ఉంటుంది (ఎక్కడన్నది మోడల్‌ని బట్టి, ముందు సీటు కింద కార్పెట్ ఎత్తితేనో, బానెట్ లోపలి గోడ మీదో), కంపెనీ ప్లేటు మీద ఉంటుంది, చాలా కొత్త కార్లలో ఇంజిన్ కంప్యూటర్‌లోనూ ఉంటుంది, సర్వీస్ వాళ్ల స్కానర్ పెడితే తెర మీద కనిపిస్తుంది. మూడు చోట్లా ఒకటే రావాలి. దొంగలకు బాగా ఇష్టమైన పద్ధతి యాక్సిడెంట్‌లో నుజ్జయిన అదే మోడల్ కారు ఆర్సీ కొనడం. దాని నంబరు ముక్కను కోసి దొంగ కారుకు అతికిస్తారు. కాగితాలన్నీ శుభ్రంగా ఉంటాయి, నంబరు కొట్టి చూసినా తప్పు దొరకదు. అప్పుడు చూడాల్సింది అంకెలను కాదు, వాటి చుట్టూ ఉన్న రేకును. కార్పెట్ ఎత్తి గోటితో తడిమితే నంబరు చుట్టూ దీర్ఘచతురస్రంగా వెల్డింగ్ గట్టు తగులుతుంది, ఆ మేర పెయింటు కాస్త మందంగా, మిగతా చోట ఉన్న ఏళ్లనాటి దుమ్ము అక్కడ లేకుండా ఉంటుంది. అతికించకుండా గ్రైండర్‌తో అరగదీసి కొత్త అంకెలు గుద్దితే ఫోరెన్సిక్ వాళ్లకు ఇంకా తేలిక. మొదట గుద్దినప్పుడు అంకె కింద లోహం నొక్కుకుపోతుంది, పైన అరగదీసినా ఆ నొక్కుడు లోపల మిగులుతుంది. ఆ చోటు నునుపు చేసి రసాయనం రాస్తే, నొక్కుకున్న లోహం మిగతా లోహంకన్నా వేరే తీరున కరిగి పాత అంకె నీడలా తేలుతుంది.

కాగితం పెట్టి పెన్సిల్ రుద్దిన ఛాసిస్ ప్రింటు లోను ఫైల్లోనో, పాత పాలసీ ఫైల్లోనో ఉంటుంది, తీయించండి. దాంతోపాటు మీకు మాత్రమే తెలిసిన గుర్తులు రాసివ్వండి: అద్దం మార్చిన బిల్లు, టైర్ల సీరియల్ నంబర్లు, వెనక సీటు మీద కాలిన మచ్చ, పాత క్లెయింలో తీసిన ఫొటోలు. కారు 2019 ఏప్రిల్ 1 తరువాతదైతే హై సెక్యూరిటీ ప్లేటు మీద ఎడమ పక్క అడుగున లేజర్‌తో చెక్కిన నంబరు ఉంటుంది, అది ఆ బండికే ప్రత్యేకం. బోల్టు పెట్టి బిగించిన బజారు ప్లేటు ఉందంటే అదే సగం సాక్ష్యం.

పోలీసులు బీఎన్‌ఎస్‌ఎస్ 106 కింద స్వాధీనం చేసుకుంటారు. సాక్షుల సమక్షంలో నివేదిక రాస్తారు, 105 ప్రకారం ఇదంతా వీడియో తీయాలి. అందులో ఓడోమీటర్, టైర్లు, స్టెప్నీ, స్టీరియో, బ్యాటరీ, తాళాల సంఖ్య ఉండేలా చూడమని ముందే అడగండి. రాయకపోతే యార్డులో ఏది మాయమైనా అడిగే వీలుండదు.

ఆ వెంటనే కోర్టులో మధ్యంతర కస్టడీ పిటిషన్, అంటే కేసు తేలేదాకా బండిని మీకు అప్పగించమని. మీ ఎఫ్‌ఐఆర్ ఉన్న స్టేషన్ ఏ మేజిస్ట్రేట్ పరిధిలో ఉందో అక్కడ వేయాలి. రాయగడ పోలీసులే వాళ్ల తనిఖీలో పట్టుకుని వాళ్ల కేసులో చూపిస్తే మాత్రం అక్కడి కోర్టుకే వెళ్లాలి. సొత్తును కోర్టు ముందు హాజరుపరిచాక బీఎన్‌ఎస్‌ఎస్ 497, ఇంకా హాజరుపరచకపోతే 503 (పాత సీఆర్‌పీసీ 451, 457). వకీళ్లు రెండూ కలిపే వేస్తారు, మంచిదే. జతచేయాల్సినవి ఆర్సీ, ఎఫ్‌ఐఆర్ నకలు, స్వాధీన నివేదిక నకలు, కొన్నప్పటి ఇన్‌వాయిస్, ఇన్సూరెన్స్ పాలసీ, ఆధార్, అఫిడవిట్. లోను ఉంది కాబట్టి బ్యాంకు నుంచి అభ్యంతరం లేదన్న లేఖ తప్పనిసరిగా తెచ్చుకోండి, లేకపోతే బ్యాంకుకు నోటీసు, ఇంకో వాయిదా. 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు వాహనాలను స్టేషన్లలో నెలల తరబడి తుప్పు పట్టించవద్దని, ఫొటోలు తీసుకుని, బాండు తీసుకుని ఇచ్చేయమని స్పష్టంగా చెప్పింది. పిటిషన్‌లో ఆ తీర్పు ఉండాలి. కోర్టు వాహనం విలువకు బాండు, జామీనుదారులు అడుగుతుంది. కేసు తేలేదాకా అమ్మనని, రంగు మార్చనని, పిలిచినప్పుడు తెస్తానని ఒప్పుకోవాలి. ఎవరు జామీను ఉంటారో, వాళ్ల ఆస్తి పన్ను రసీదులో, జీతం కాగితాలో ముందే సిద్ధం చేసుకోండి, ఆర్డరు వచ్చాక దీనికే వారం పోతుంది.

కొన్నాయనా పోటీ పిటిషన్ వేయవచ్చు. అప్పుడు కోర్టు ఎవరి హక్కు పైకి బలంగా కనిపిస్తోందో వాళ్లకు అప్పగిస్తుంది, అది తుది తీర్పు కాదు. దొంగతనం నాటి ఆర్సీ, తెల్లారే ఇచ్చిన ఫిర్యాదు ఉన్న మీ వైపే మొగ్గు. ఎఫ్‌ఐఆర్ లేని వాళ్లకు సివిల్ దావా అవసరం పడుతుంది: 1963 నిర్దిష్ట ఉపశమన చట్టం 7, 8 సెక్షన్లు, కారు ఎవరి దగ్గరుందో తెలిసిన రోజు నుంచి మూడేళ్ల గడువు. ఆయన డబ్బు సంగతంటారా, అమ్మినవాడి మీద దావా వేసుకోవచ్చు, దొంగకు శిక్ష పడినప్పుడు వాడి దగ్గర పట్టుకున్న డబ్బులోంచి ఇప్పించమని బీఎన్‌ఎస్‌ఎస్ 499 కింద అడగవచ్చు. ఆ మాట ఎవరో ఒకరు నెమ్మదిగా చెబితే చాలా గొడవ తగ్గుతుంది. ఆయనా మోసపోయినవాడే అయ్యుండొచ్చు.

ఇన్సూరెన్స్ విషయంలో ఒక్క రోజు కూడా ఆలస్యం వద్దు. కారు దొరికిందని ఈరోజే మెయిల్ పెట్టండి. క్లెయిం డబ్బు ఇంకా రాలేదు కాబట్టి కారు మీదే, పోయిన సామాన్లకు, దెబ్బలకు డ్యామేజీ క్లెయింగా మార్చమని అడగవచ్చు. డబ్బు పుచ్చుకుని, హక్కులు బదలాయిస్తూ సంతకం చేసి ఉంటే కారు కంపెనీదయ్యేది. దొరికిన సంగతి దాచి క్లెయిం తీసుకుంటే అది మీ మీద మోసం కేసు.

మాధవధార రవాణా కార్యాలయంలో కూడా ఎఫ్‌ఐఆర్ నకలుతో అర్జీ ఇచ్చి, ఆ నంబరు మీద ఏ లావాదేవీ జరగకుండా ఆపించండి. బదిలీ అప్పటికే జరిగిపోయి ఉంటే, తప్పుడు కాగితాలతో పొందిన రిజిస్ట్రేషన్‌ను మోటారు వాహనాల చట్టం 55(5) కింద రద్దు చేయమని అడగాలి, వాళ్ల ఆర్డరు నచ్చకపోతే 57 కింద 30 రోజుల్లో అప్పీలు. మధ్యలో పడిన చలాన్లకూ అదే ఎఫ్‌ఐఆర్ పెట్టి అభ్యంతరం చెప్పండి.

బండి విడుదలయ్యే రోజు ముందే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉందో లేదో చూసుకోండి, గడువు దాటి ఉంటే రోడ్డెక్కించకండి. యార్డులో నెలలు నిలబడ్డ కారును అక్కడే తాళం తిప్పి స్టార్ట్ చేయొద్దు. మన సముద్రపు గాలికి బ్రేకు డిస్కులు తుప్పెక్కి ప్యాడ్లు అతుక్కుపోతాయి, బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది, ఎయిర్ ఫిల్టర్‌లో ఎలుకలు గూడు పెట్టి ఉంటాయి. ఫ్లాట్‌బెడ్ మీద సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లి, ఆయిలు, డిప్ స్టిక్, బెల్టులు చూశాకే స్టార్ట్ చేయించండి. అక్కడే డ్యాష్ బోర్డు కింద ఎవరైనా ట్రాకర్ అతికించారేమో చూడమనండి. పాత తాళాల కోడ్లన్నీ కంప్యూటర్ నుంచి చెరిపించి కొత్తవి ఎక్కించుకోండి. దొంగ దగ్గర ఇంకో తాళం ఉండే ఉంటుంది.